లోను రిజెక్ట్ చేశారు సరే, ఎందుకో చెప్పగలరా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో రెండు మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. అప్పులిచ్చే యాప్ కంపెనీలో ఇంజినీరుగా చేరారు. ప్రతిదానికీ యూజర్ అనుమతి తీసుకుంటున్నామని లీగల్ టీమ్ అంటోంది. లోను ఇవ్వాలో వద్దో లెక్కవేసే మోడల్‌లో ఆడా మగా, మతం, జాతి ఏవీ వాడట్లేదని డేటా టీమ్ అంటోంది. ఇక నైతికత పేరుతో చూడాల్సింది ఏం మిగిలింది, ఈ రూల్స్ అన్నీ చిన్న కంపెనీల కాళ్లకు అడ్డం పడటానికే కదా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా మోడల్ వ్యాలిడేషన్ చేస్తున్నాను. అంటే వేరే టీమ్ తయారు చేసిన మోడల్ వాడకంలోకి వెళ్లే ముందు దాన్ని విప్పి చూసి, ఎక్కడ దెబ్బతింటుందో చెప్పే పని. ఆఫీసులో ఎవరికీ ఇష్టం లేని ఉద్యోగం లెండి. అనుమతి ఉందా, ఏ వేరియబుల్స్ (అంటే మోడల్ లెక్కలోకి తీసుకునే వివరాలు) తీసేశారు అన్నవి నేనూ చూస్తాను, కానీ అవి తర్వాత. మొదట అడిగేది ఒక్కటే: ఈ మోడల్ కాదన్న మనిషి వచ్చి ఎందుకు కాదన్నారని అడిగితే నిజమైన కారణం చెప్పగలరా, ఆ కారణం విని అతను ఏమైనా చేసుకోగలడా? దీనికి టీమ్ నీళ్లు నమిలితే మిగతా కాగితాలన్నీ ఎంత పక్కాగా ఉన్నా ఆ మోడల్ ఇంకా సిద్ధం కాలేదనే రాస్తాను.

రిజెక్షన్ లెటర్ ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూస్తే ఇది అర్థమవుతుంది. దరఖాస్తు వస్తుంది, కొన్ని వందల వేరియబుల్స్ నిండుతాయి, మోడల్ ఒక సంఖ్య ఇస్తుంది, ఆ సంఖ్య కంపెనీ పెట్టుకున్న గీతకు పైనుంటే లోను, కిందుంటే లేదు. ఆ తర్వాత ఇంకో చిన్న ప్రోగ్రాం ఏ వేరియబుల్స్ స్కోరును ఎక్కువగా కిందికి లాగాయో లెక్కేసి, పై మూడో నాలుగో బయటికి తీస్తుంది. ప్రతి వేరియబుల్‌కూ కస్టమర్‌కు పంపాల్సిన వాక్యం ఒక పట్టికలో ముందే రాసి ఉంటుంది. అసలు గోల్‌మాల్ జరిగేది ఆ పట్టికలోనే. ఎవరూ దాన్ని చూడరు, చాలా చోట్ల ఎవరో జూనియర్ ఒక మధ్యాహ్నం కూర్చుని నింపేసి ఉంటాడు. నేను చూసిన ఒక పట్టికలో ఫోన్ ఏ రకం, దరఖాస్తు నింపడానికి ఎంతసేపు పట్టింది, అర్ధరాత్రి దాటాక ఎన్ని లావాదేవీలు చేశారు అనే మూడు వేరియబుల్స్‌కీ ఎదురుగా ఒకే వాక్యం ఉంది: "తగినంత రుణ చరిత్ర లేదు". అది చదివిన మనిషి పాపం ఏం చేస్తాడు? ఓ క్రెడిట్ కార్డు తీసుకుని, నెలనెలా క్రమం తప్పకుండా కట్టి, కొన్నాళ్లాగి మళ్లీ దరఖాస్తు పెడతాడు. మళ్లీ రిజెక్ట్. ఎందుకంటే ఫోన్ ఇంకా అదే.

ఇందులో డేటా చోరీ లేదు, అనుమతి లేకుండా తీసుకున్నదీ లేదు. అయినా ఒక మనిషికి అబద్ధం చెప్పి అతని సమయం, డబ్బు వృథా చేశారు. ఏం మిగిలింది అని అడిగారు కదా, మిగిలింది ఇదీ.

ఇదేదో ఏఐ వచ్చాక మొదలైన పట్టింపు అనుకోకండి. అమెరికాలో 1974లో సమాన రుణ అవకాశాల చట్టం వచ్చింది, అప్పు నిరాకరిస్తే కారణాలు చెప్పాలనే నిబంధనను 1976 సవరణతో చేర్చారు. దాని కింద ఉన్న రెగ్యులేషన్ బీ అనే నిబంధనావళి చదవండి, చాలా సూటిగా ఉంటుంది. "మా అంతర్గత ప్రమాణాల ప్రకారం కుదరలేదు" అంటే చెల్లదు, "కావాల్సిన స్కోరు రాలేదు" అన్నా చెల్లదు, అసలైన కారణాలు ఏవో విడిగా చెప్పాలి. మెషిన్ లెర్నింగ్ అనే మాట బ్యాంకుల్లో వినపడకముందే రాసుకున్న రూల్ అది. మీ మోడల్ ఎంత క్లిష్టమైనదో ఆ రూల్‌కు అనవసరం.

యూరప్‌లో ఇదే సంగతి వేరే దారిలో వచ్చింది. పూర్తిగా మెషిన్ ఒక్కటే తీసుకునే, మనిషి మీద గట్టి ప్రభావం ఉండే నిర్ణయాలకు అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 22వ అధికరణం హద్దులు పెట్టింది. దానికి క్రెడిట్ స్కోర్ కంపెనీలు ఏం చెప్పేవంటే, మేం స్కోరు మాత్రమే ఇస్తాం, నిర్ణయం బ్యాంకుది అని. బ్యాంకునడిగితే స్కోరు మాది కాదంటుంది. తిలాపాపం తలా పిడికెడు, చివరికి కస్టమర్‌కు జవాబు చెప్పేవాడు ఉండడు. జర్మనీ క్రెడిట్ సంస్థ షుఫా కేసులో 2023 డిసెంబర్ 7న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ ఆటకు అడ్డుకట్ట వేసింది. బ్యాంకు ఆ స్కోరు మీదే గట్టిగా ఆధారపడుతుంటే, స్కోరు తయారు చేయడమే ఒక ఆటోమేటెడ్ నిర్ణయం కింద లెక్క అంది. మీ కంపెనీ వేరేవాళ్ల స్కోరు కొంటున్నా, మీ స్కోరు వేరేవాళ్లకు అమ్ముతున్నా ఇది మీకు సంబంధించిన తీర్పే.

ఇక "మా ఫార్ములా వ్యాపార రహస్యం" అనే వాదన. ఆస్ట్రియాలో ఒకావిడకు నెలకు సుమారు 10 యూరోల మొబైల్ కాంట్రాక్ట్ ఇవ్వలేదు, ఆటోమేటిక్ క్రెడిట్ చెక్ కాదందని. ఆ కేసు అదే యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 2025 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. ఫార్ములా చేతిలో పెట్టినంత మాత్రాన వివరణ ఇచ్చినట్టు కాదు, ఆ వ్యక్తి డేటాను ఏ పద్ధతిలో ఎలా వాడి ఈ ఫలితానికి వచ్చారో అర్థమయ్యేలా చెప్పాలి, వ్యాపార రహస్యం ఉందంటే దాన్ని రెగ్యులేటర్ ముందో కోర్టు ముందో పెట్టాలి, ఎంతవరకు చెప్పాలో వాళ్లు తేలుస్తారు అని. 10 యూరోల కాంట్రాక్ట్ కోసం ఇంత దూరం వెళ్లినవాళ్లున్నారు. మీ కస్టమర్లలో కూడా ఒకరుంటారు.

చట్టం తప్పకుండానే పరువు ఎలా పోతుందో తెలియాలంటే ఆపిల్ కార్డ్ అనే క్రెడిట్ కార్డు గొడవ చూడండి. 2019 నవంబర్‌లో, భార్యాభర్తల ఆదాయం ఆస్తులు ఉమ్మడిగా ఉన్నా భర్తకు చాలా ఎక్కువ లిమిట్, భార్యకు చాలా తక్కువ ఇచ్చారని సోషల్ మీడియాలో పెద్ద దుమారం లేచింది. న్యూయార్క్ ఆర్థిక సేవల నియంత్రణ శాఖ విచారణ జరిపి 2021 మార్చిలో రిపోర్టు ఇచ్చింది. వివక్ష చట్టాన్ని ఉల్లంఘించినట్టు ఏమీ తేలలేదు. కానీ పారదర్శకత విషయంలో, కస్టమర్లతో వ్యవహరించిన తీరులో లోపాలున్నాయని అందులో రాశారు. కస్టమర్లకు మొదట్లోనే సరైన కారణం చెప్పగలిగి ఉంటే ఆ దుమారం అంత దూరం వెళ్లేది కాదని నా అభిప్రాయం.

నిజమైన కారణం చెబితే ఇంకో లాభం ఉంది, ఇది నాకు ఇష్టమైన పాయింట్. 2008లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక కస్టమర్ లిమిట్ తగ్గిస్తూ పంపిన లెటర్‌లో కారణం దాచకుండా రాసింది: మీరు ఈమధ్య కొనుగోళ్లు చేసిన చోట్ల కార్డు వాడిన ఇతర కస్టమర్ల చెల్లింపు చరిత్ర బాగాలేదు అని. జనం మండిపడ్డారు. మీరు కట్టాల్సింది కడుతున్నా, మీతోపాటు అదే చోట కొన్న ఇంకెవరో కట్టలేదని మీకు శిక్షా? 2009లో వచ్చిన కార్డుల చట్టంలో ఈ పద్ధతి మీద రిపోర్టు ఇవ్వమని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ను ఆదేశించే దాకా వెళ్లింది వ్యవహారం. వేరియబుల్‌గా చూస్తే బహుశా అది బాగానే పనిచేసి ఉంటుంది. వాక్యంగా రాసి కస్టమర్ చేతికిస్తే నిలబడలేదు. అందుకే నా టీమ్‌లకు చెప్పేది: ప్రతి వేరియబుల్‌కూ కస్టమర్‌కు పంపే వాక్యాన్ని మోడల్ కట్టకముందే రాయండి. ఆ వాక్యాన్ని మీ కంపెనీ పేరు మీద అచ్చు వేయడానికి సిగ్గేస్తే ఆ వేరియబుల్ తీసేయండి. డేటా సైంటిస్టులు దీన్ని అసహ్యించుకుంటారు, పర్లేదు.

అనుమతి సంగతికి వద్దాం. అత్యవసరంగా డబ్బు కావాల్సిన మనిషి ముందు "అంగీకరిస్తున్నాను" బటన్ పెడితే నొక్కకుండా ఉంటాడా? ఆ స్థితిలో ఇచ్చిన దాన్ని అనుమతి అనడానికి నాకు మనసొప్పదు. జీడీపీఆర్ 7వ అధికరణం కూడా ఈ అనుమానంతోనే రాసింది: సేవకు అవసరం లేని డేటాకు అనుమతి ఇస్తేనే సేవ అని ముడిపెడితే, అది స్వేచ్ఛగా ఇచ్చిందేనా అని గట్టిగా చూడాలంటుంది. ఇంకో చిక్కు ఉంది. ఫోన్‌లోని కాంటాక్ట్స్ లిస్టుకు యూజర్ అనుమతి ఇచ్చాడనుకుందాం, ఆ లిస్టులో ఉన్నవాళ్లు ఎప్పుడిచ్చారు? అప్పు వసూలు కోసం వాళ్లకు ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌ల కథలు మీకు తెలిసినవే. అందుకే భారత రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్ 2న ఇచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల్లో అనుమతి చర్చ జోలికే పోకుండా, ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ లాంటి వాటి జోలికి యాప్‌లు ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదంది. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కస్టమర్‌ను చేర్చుకునేటప్పుడు, స్పష్టమైన అనుమతితో, ఒక్కసారికి మాత్రమే. కొన్ని డేటాలను అనుమతి ఉన్నా ముట్టుకోకూడదని ఒక రెగ్యులేటర్ తేల్చి చెప్పిందంటే, "మేం అనుమతి తీసుకున్నాం" అనే మాట అన్నిటికీ జవాబు కాదని మీ లీగల్ టీమ్‌కు కూడా అర్థమై ఉండాలి.

ఆడా మగా తీసేశాం అంటారు. సరే, కానీ ఆ సమాచారం వేరే వేరియబుల్స్‌లో నుంచి చొరబడదని ఎలా తెలుసు? జర్మనీలో ఒక ఆన్‌లైన్ ఫర్నిచర్ వ్యాపారి డేటా మీద చేసిన, 2020లో ప్రచురితమైన పరిశోధన ఒకటి ఉంది, రెండున్నర లక్షలకు పైగా కొనుగోళ్లు. ఏ పరికరం నుంచి వచ్చారు, ఏ ఈమెయిల్ కంపెనీ, ఏ సమయంలో కొన్నారు, ఈమెయిల్ అడ్రస్‌లో పేరు ఉందా లాంటి పది చిన్న గుర్తులతో, జనం అప్పుల చరిత్ర భద్రపరిచే క్రెడిట్ బ్యూరో ఇచ్చే స్కోరుతో సమానంగా, ఇంకా చెప్పాలంటే కాస్త మెరుగ్గా, ఎవరు ఎగ్గొడతారో అంచనా వేయగలిగారు. బ్యూరోలో చరిత్ర లేనివాళ్లకు దీనివల్ల అప్పు దొరకొచ్చు, ఆ మేలు నేను కాదనను. కానీ ఖరీదైన ఫోన్ అంటే ఆదాయం, ఆదాయం అంటే చాలా చోట్ల ఆడా మగా తేడా, ఏ వర్గంలో పుట్టారన్న తేడా. తలుపు మూశామని చెప్పి కిటికీ తెరిచి ఉంచినట్టు ఉంటుంది వ్యవహారం.

పైగా ఇందులో ఒక మెలిక. తేడా చూపిస్తున్నామో లేదో కొలవాలంటే ఎవరు ఆడ, ఎవరు మగ అన్నది మీ దగ్గర ఉండాలి. అస్సలు సేకరించని కంపెనీ తన పక్షపాతాన్ని చూడలేదు, చూడలేదు కాబట్టి లేదనుకుంటుంది. అమెరికాలో ఇంటి రుణాలకు ఈ వివరాలు సేకరించమని రూలుంది, మిగతా చాలా రుణాలకు సేకరించొద్దని రూలుంది, అక్కడ అంచనాలతో నెట్టుకొస్తారు. యూరప్ ఏఐ చట్టం, 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, హై రిస్క్ మోడల్స్‌లో పక్షపాతం పట్టుకోవడానికి అవసరమైతే సున్నితమైన డేటాను కట్టుదిట్టమైన షరతులతో వాడుకోనిచ్చింది. మీ దగ్గర చేయాల్సింది: ఆ డేటాను మోడల్ కట్టేవాళ్లకు అందకుండా వేరే చోట, పరీక్షించే టీమ్ చేతిలో మాత్రమే ఉంచండి. దానికి మీ దేశ చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి.

పేర్లు తీసేసి డేటా షేర్ చేస్తున్నాం కాబట్టి ప్రైవసీ సమస్య లేదని కూడా ఎవరో ఒకరు మీటింగ్‌లో అంటారు. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం వాళ్ల ముందు పెట్టండి. 11 లక్షల మంది మూడు నెలల క్రెడిట్ కార్డు రికార్డులు, పేర్లు లేవు, నంబర్లు లేవు. ఒక మనిషి ఏ రోజు ఏ షాపులో ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 90 శాతం మందిని ఆ గుంపులోంచి విడిగా పట్టుకోవచ్చని తేలింది. నాలుగు సందర్భాలు ఎంతసేపు, ఎవరైనా తమ ఫొటోలతో తామే బయట పెట్టేసుకుంటారు. ఇక దాచుకున్న డేటా లీకవడం గురించి ఎక్కువ చెప్పను. 2017లో అమెరికా క్రెడిట్ బ్యూరో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి, దొంగలు వాడుకున్న సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే ప్యాచ్ చొరబాటుకు రెండు నెలల ముందే విడుదలైంది, పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది తాము ఆ కంపెనీ దగ్గర ఉన్నామని కూడా ఎరగరు.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న పనిచేయని చోటు ఒకటి చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని తప్పుదారి పట్టించినవాడినవుతాను. యూరప్ ఏఐ చట్టం మనుషుల రుణ అర్హత లెక్కించే మోడల్స్‌ను హై రిస్క్ అంది, మోసాలు పట్టుకునే మోడల్స్‌కు మాత్రం అందులో మినహాయింపు ఇచ్చింది. అక్కడ కారణం బయటపెట్టడం కష్టమే, ఎలా పట్టుకున్నామో చెబితే దొంగ నేర్చుకుంటాడు. మనీ లాండరింగ్ అనుమానమైతే ఇంకా కఠినం: అనుమానంతో అధికారులకు రిపోర్టు ఇచ్చామని కస్టమర్‌కు తెలియనివ్వడమే నేరం. దాంతో ఏమవుతుందంటే, లోను రాకపోతే కారణం దొరుకుతుంది కానీ ఉన్న ఖాతానే స్తంభింపజేస్తే దొరకదు. రెండోదే పెద్ద దెబ్బ, జీతం అందులోనే పడుతుంది కాబట్టి. కాల్ సెంటర్‌లో "భద్రతా కారణాలు" అన్న రెండు మాటలు తప్ప ఇంకేం వినపడవు, ఆ మాట చెప్పే ఉద్యోగికి కూడా లోపల ఏముందో తెలియదు.

ఇలాంటి చోట కారణానికి బదులు ప్రక్రియ ఇవ్వాలి. మొదట, చట్టం నోరు మూయించే కేసులను మామూలు మోసం అనుమానాల నుంచి విడదీయండి. చాలా సంస్థలు రెండూ ఒకే గాటన కట్టి, చెప్పగలిగినవి కూడా చెప్పవు, అది సోమరితనం. ఇన్ని గంటల్లోగా ఒక మనిషి చూస్తాడని గడువు పెట్టండి. ఆ మనిషికి మెషిన్ మాట కొట్టేసే అధికారం నిజంగా ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే కొలత చాలా తేలిక: రివ్యూ చేసినవాటిలో ఎన్నిటిని తిప్పేశారు? దాదాపు సున్నా అయితే అక్కడ రివ్యూ జరగట్లేదు, ముద్ర వేస్తున్నారంతే. రోజుకు వందల కేసులు నెత్తిన పడేసి, తిప్పేసిన ప్రతిదానికీ సంజాయిషీ రాయమంటే ఎవరు తిప్పేస్తారు చెప్పండి?

చాట్‌బాట్ల గురించి ఒక్క మాట. రిజెక్షన్ లెటర్లు లాంగ్వేజ్ మోడల్‌తో రాయిద్దామనే ఐడియా మీ దగ్గరికీ వస్తుంది. అది చాలా మర్యాదగా, నమ్మశక్యంగా ఉండే కారణం రాస్తుంది, అదే కారణమని హామీ లేదు. కారణాలను స్కోరింగ్ పక్క నుంచి తీసి, వాక్యం సరళం చేయడానికి మాత్రమే దాన్ని వాడండి. కస్టమర్ స్టేట్‌మెంట్లు బయటి టూల్స్‌లో పేస్ట్ చేసే అలవాటును మొదటి వారమే ఆపించండి.

రూల్స్ చిన్న కంపెనీలను తొక్కేస్తాయా అంటే, కొన్ని తొక్కుతాయి, ఒప్పుకుంటాను. ఒకే విషయాన్ని ముగ్గురు రెగ్యులేటర్లకు మూడు ఫార్మాట్లలో పంపడం వల్ల కస్టమర్‌కు ఒరిగేదేమీ లేదు. కొత్త ప్రయోగాలకు దారి ఇవ్వడానికి బ్రిటన్ రెగ్యులేటర్ 2016లో శాండ్‌బాక్స్ పెట్టింది, తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి: కొద్దిమంది కస్టమర్లతో, రెగ్యులేటర్ కళ్ల ముందు ప్రయోగం చేసుకోవచ్చు. కానీ కారణం చెప్పాలనే రూల్ వల్ల మోడల్ పాడవుతుందంటే మాత్రం నేను నమ్మను. ఆదాయం పెరిగితే స్కోరు తగ్గకూడదు, బకాయిలు పెరిగితే స్కోరు పెరగకూడదు అని మోడల్‌కు ముందే కట్టుబాట్లు పెట్టొచ్చు, ఇలాంటి మోడల్స్ కట్టడానికి వాడే గ్రేడియంట్ బూస్టింగ్ టూల్స్‌లో ఈ సౌకర్యం ఉంది. నేను పరీక్షించిన రుణ మోడల్స్‌లో దీనివల్ల పోయిన కచ్చితత్వం చాలా స్వల్పం, కొన్నిసార్లు కొత్త డేటా మీద ఇంకా నిలకడగా పనిచేశాయి. బ్యాంకుల కోసం ఫెడరల్ రిజర్వ్ 2011లో ఇచ్చిన మోడల్ రిస్క్ మార్గదర్శకం, ఎస్ఆర్ 11-7, చిన్న కంపెనీకి కూడా చదవదగ్గది. అందులో నాకు నచ్చేది, మోడల్ కట్టినవాళ్లను నిలదీసే తెలివి, స్వతంత్రత, పలుకుబడి మూడూ ఉన్నవాళ్లు సంస్థలో ఉండాలనడం. పదిమంది ఉన్న కంపెనీలో ఆ ఒక్కరూ మీరే కావచ్చు.

ఇంజినీరుగా మీ చేతిలో ఉన్నది నిర్ణయాల లాగ్, అంటే ప్రతి నిర్ణయం నమోదయ్యే రికార్డు. ప్రతి దరఖాస్తుకూ ఆ క్షణంలో మోడల్ ఏ వెర్షన్, ఏ విలువలు లోపలికి వెళ్లాయి, స్కోరెంత, గీత ఎక్కడుంది, ఏ కారణాలు బయటికొచ్చాయి, మనిషి చూస్తే ఎవరు చూసి ఏమన్నారు, ఇవన్నీ పడాలి. విలువలను తర్వాత డేటాబేస్ నుంచి మళ్లీ తీస్తామంటే కుదరదు, ఈలోగా అవి మారిపోయి ఉంటాయి. మోడల్ వెర్షన్ కాలమ్ ఉందో లేదో ముందు చూడండి. నేను చూసినంతలో ఎక్కువగా లేనిది అదే, అది లేకుండా ఏడాది కింది రిజెక్షన్‌కు కారణం ఎవరూ చెప్పలేరు.